మేడం పెరట్లోకే వస్తుంది

"ఏటే, ఇంకా పులిహోర కలపలేదేటి? అవతల మేడం వచ్చేత్తన్నారు!"

మా ఆయన సన్యాసిరాజు వాకిట్లోంచే కేకేశాడు. కూర్మన్నపాలెంలో మా వీధికి పార్టీ అంటే ఆయనే. ఎన్నికలొస్తే మా ఇల్లు పార్టీ ఆఫీసు, నేను దానికి జీతం లేని వంటమనిషిని. "మన పార్టీకి మనం సెయ్యకపోతే ఎవురు సేత్తారు?" అంటాడు. అందులో చెయ్యడం నా వంతు, దండలెయ్యడం ఆయన వంతు.

ఆ రోజుతో ప్రచారం ఆఖరు. మా ఎమ్మెల్యే కుసుమకుమారి గారు రెండోసారి నిలబడ్డారు. వాకిట్లో డప్పులు, దండలు పట్టుకుని మగాళ్లు. ఆవిడ మాత్రం కారు దిగి పక్కసందులోంచి తిన్నగా మా పెరట్లోకి వచ్చేసింది. పోయినసారీ అంతే. "వాకిట్లో దండలేసేవాళ్లుంటారు, ఓట్లేసేవాళ్లు పెరట్లో ఉంటారమ్మా" అందప్పుడు. నేను అంట్లు తోముతూనే, మా వీధికి కుళాయి అర్ధరాత్రి దాటాక వస్తోందని, బిందెల కోసం మేలుకునేది ఆడవాళ్లమేనని చెప్పాను. ఎవరు పట్టించుకుంటారులే అనుకుంటూనే చెప్పాను. ఆవిడ గెలిచి నెల తిరక్కుండా నీళ్లు తెల్లారాక రావడం మొదలైంది. రోడ్లేయించింది, దీపాలు పెట్టించింది అని మా ఆయన మైకులో ఊదరగొడతాడు. నాకు మాత్రం ఆవిడ నిద్ర ఇచ్చింది. ఆవిడంటే నాకు ప్రాణం.

ఈసారీ వస్తూనే మేడం బట్టలుతికే బండ మీద కూర్చుని చేయి చాపింది. చిటికెడు పులిహోర నోట్లో వేసుకుని, "ఉప్పు తగ్గింది గౌరీశ్వరీ" అంది.

ఐదేళ్ల తర్వాత కూడా ఆవిడకి నా పేరు గుర్తుంది! ఇంట్లో ఏటే, ఓసే తప్ప వినని చెవులు నావి. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉల్లిపాయల మీదకి నెట్టేద్దామంటే పులిహోరలో ఉల్లిపాయలుండవు కదా.

నాతో పాటు నిమ్మకాయలు పిండుతున్న పక్కింటి రోజారమణి ఉండబట్టలేక అనేసింది. "నాను ఈపాలి ఓటుకి రాను మేడం. పోయినపాలి నాను ఎల్లేసరికి నా ఓటు ఎవురో ఏసేసినారు."

"లోపల మన ఏజెంటు లేడా?"

రోజారమణి నా వంక చూసింది. ఏజెంటు మా ఆయనే. వచ్చినవాళ్లు అసలు మనుషులో కాదో కనిపెట్టడానికే బూత్‌లో కూర్చోబెడతారు. పోయినసారి రోజారమణి అని పేరు చదివితే ముక్కూమొహం తెలియని మనిషెవరో ముందుకొచ్చింది, ఈయన అవునని తలూపాడు. పదేళ్లుగా పక్కింట్లో ఉన్న మనిషి ఈయనకి 'ఎల్లారావు పెళ్లాం'. ఆమెకో పేరుందని ఎప్పుడనుకున్నాడు గనక!

"ఈసారి పోటీ గట్టిగా ఉందమ్మా. వీధికి నాలుగు ఓట్లిలా పోతే నేను ఓడిపోతాను" అంది మేడం. తర్వాత నన్నే చూస్తూ, "నువ్వు కూర్చుంటావా ఏజెంటుగా?" అనడిగింది.

అప్పటికే మా ఆయన దండతో పెరట్లోకి పరిగెత్తుకొచ్చాడు. "దానికేటి తెలుస్తాది మేడం? నలుగురిలో నోరిప్పదు. అయినా అది బూత్‌లో కూకుంటే వంటెవురు సేత్తారు?" అని నవ్వాడు. వెనకున్నవాళ్లూ నవ్వారు.

మేడం నవ్వలేదు. "నేనడిగింది గౌరీశ్వరిని. సాయంత్రానికి ఫోన్ చెయ్యమ్మా" అని లేచింది.

మధ్యాహ్నమంతా గిన్నెలు తోముతూ ఆ మాటే నమిలాను. నోరిప్పదట! పెళ్లయిన కొత్తలో ఆయన స్నేహితుల ముందు ఒక్క మాటకి అడ్డుచెప్పానని మా అత్తగారు గంగాలమ్మ అన్నది ఇప్పటికీ చెవిలో ఉంది. "మొగోడు మాటాడేటప్పుడు ఆడది గిన్నె సప్పుడు కూడా సెయ్యకూడదు." అప్పట్నుంచి గిన్నెలు కూడా మెల్లగా బోర్లించడం నేర్చుకున్నాను. బూత్‌లో అందరి ముందూ లేచి "ఈవిడ రోజారమణి కాదు" అనాలంటే భయమెయ్యదూ? వేస్తుంది. కానీ ఇదే పెరట్లో ఒక్కసారి నోరిప్పాను, వీధి వీధంతా నిద్రపోతోంది. ఫోన్ తీశాను.

చీకటిపడ్డాక మా ఆయన వచ్చి మంచం మీద కూలబడ్డాడు. "ఎల్లుండి బూతు కాడ మనోళ్లందరికీ పెందలాడే టిఫినీ అందిపోవాల. ఉప్మా సేసెయ్."

గరిటె తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. "నాను బూతులో కూకుంటన్నాను. మేడంకి సెప్పేసినాను. ఉప్మా మీరు సేసెయ్యండి."

ఆయన గరిటెనీ నన్నూ మార్చి మార్చి చూశాడు. "ఓలమ్మ! నాను పొయ్యికాడ కూకుంటే, మేడం వచ్చినపుడు ఆవిడికి కనబడొద్దేటి?"

"ఎందుకు కనబడరు? ఆవిడ పెరట్లోకే కదా వస్తాది."