ఆవలి గట్టు వాసన

నేను ఒక పుప్పొడి రేణువును. మా గుంపంతా ఒక పురుగు వెంట లేచిపోయామని నా పక్కనున్న ఫెర్న్ సిద్ధబీజం పొరంతా చాటిందట. ఆ సంగతి గాలిలో ఎగిరే జాతి పుప్పొడి ఒకటి నా చెవిన వేసింది. రాతిపొరలో ఇరుగుపొరుగుగా పడి ఉన్నవాళ్లకు ఇంకేం కాలక్షేపం ఉంటుంది? అయినా ఆ ఫెర్న్ ఆవిడకేం, తల్లి ఆకు కిందే రాలి, నేల తడిగా ఉంటే మొలిచే రకం. ఎదురుచూడటమంటే ఏమిటో ఆవిడకు తెలియదు.

లేచిపోయిన మాట నిజమే. దాచను.

మా చెట్టు చూడ్డానికి ఈత మొక్కలా ఉండేది. పొట్టి మాను, గరుకు ఆకులు, నడినెత్తిన మగకంకి. లోకంలో పూలు ఇంకా అంతగా లేని కాలమది. వాగుకు ఆవలి గట్టున ఆడచెట్టు. పొద్దు వాలితే దాని కంకి వెచ్చబడి వాసన విడిచేది. ఆ వాసన కోసమే పుట్టామని మాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. గాలిజాతి వాళ్లకు రెండు పక్కలా గాలితిత్తులు, ఉఫ్‌మంటే పోతారు. నేను పడవ ఆకారంలో ఉన్నాననే గాని ఈదలేను, ఎగరలేను. ఒళ్లంతా జిగట. ఎవరో ఒకరు మోసుకెళ్లాలి.

మోసినవాడు ఒక చిన్న పెంకుపురుగు. మా కంకిలోనే తిని, అక్కడే పడుకుని, పొట్ట వెంట్రుకలకు మమ్మల్ని అంటించుకుని లేచాడు. మా పెళ్లి సంగతి వాడికి తెలియదు. ఆవలి గట్టున విందుందని బయల్దేరాడు, అంతే. సగం వాగు దాటాం. వాసన దగ్గరైంది. ఇంకాస్త దగ్గరైంది. అంతలో వాన.

వాడు నీళ్లలో పడి కుళ్లిపోయాడు. మేం అతుక్కునే ఉన్నాం. మా మీద బురద, బురద మీద ఇసుక, ఆపైన కొండంత బరువు. పసుపుగా ఉండే నేను లోపలి వేడికి బెల్లంపాకం రంగుకు తిరిగాను. పైన ఏది కదిలినా, మమ్మల్ని గట్టు దాటించేవాళ్లు వచ్చారనే అనుకునేవాణ్ణి.

చివరికి వచ్చింది మనుషులు. ప్రాణహిత పక్కన బొగ్గు కోసం బోరు దించి, బొగ్గు లేదని తిట్టుకుంటూ మమ్మల్ని రాతికడ్డీలో పైకి లాగారు. తమకు కావలసింది దొరక్కపోతే, దొరికిందంతా మనుషులకు చెత్తే. ఆ కడ్డీ చేతులు మారి మారి హైదరాబాదులో ఒక ల్యాబ్‌కు, నాగవేణి అనే పరిశోధక విద్యార్థిని బల్ల మీదికి చేరింది. గద్వాల పక్క పల్లెటూరి పిల్ల. రాయిని యాసిడ్‌లో వేసింది. రాయి కరిగింది; నేను కరగలేదు.

వాళ్ల సారు వామనరావు గారు మైక్రోస్కోపులో మమ్మల్ని చూసి మొహం చిట్లించారు.

"ఈ ముద్దలేంటమ్మా? బాగా కుదిపి విడగొట్టు. విడివిడిగా ఉంటేనే కదా పోల్చుకునేది!"

ఇన్ని యుగాలు విడిపోనివాళ్లం, ఒక్క కుదుపుతో చెదిరిపోయేవాళ్లం. చెదిరితే మేమూ గాలికి కొట్టుకొచ్చినవాళ్ల కిందే లెక్క. ఆ పురుగు ఒకడుండేవాడని, మేం ఒక చోటికి బయల్దేరామని చెప్పే సాక్ష్యమే ఉండదు.

"వద్దు సార్," అంది నాగవేణి. "పత్తి పుప్పొడి గాలికి లేవదు. చేలల్ల పూలకు క్రాసింగ్ చేసేటప్పుడు మా అమ్మ వేళ్లకు ఇట్లనే ముద్దగ అతుక్కుంటది. వీటిని గాలి తేలేదు, ఎవరో మోసినారు."

"కంకే రాలి నీళ్లలో పడి ఉండొచ్చుగా?"

"అయితే ముద్ద నడుమ ఈ వెంట్రుక ఎవరిది సార్?"

మావాడిదే. పొట్ట వెంట్రుక. ఇన్నాళ్లూ మేం వదలకుండా పట్టుకున్నది దాన్నే.

సారు మళ్లీ మైక్రోస్కోపు మీదికి వంగి ఆ వెంట్రుకను చూశారు. "అయితే కుదపకు," అన్నారు.

పత్తి సీజను ముగిశాక నాగవేణి తల్లి ఈరమ్మ జొన్నరొట్టెల మూటతో కూతుర్ని చూడటానికి వచ్చింది. విత్తనపత్తి చేలలో ఆడమొక్కల సాళ్లలో మొగ్గల కేసరాలు సాయంత్రం వలిచేసి, తెల్లారి వాటికి మగపువ్వులు తెచ్చి రుద్దడం ఆమె పని. కూతురు పిలిస్తే మైక్రోస్కోపు మీదికి వంగింది.

"ఏమే వేణీ, నల్లగ ఎంటికలు కనపడ్తున్నయి."

"అవి నీ కంటిరెప్పల ఎంటికలేమ్మా. రోంత ముందుకు జరుగు."

"ఆ... దొరికినయ్. బెల్లంగడ్డల లెక్కన్నయి. అయితే నేను చేసే పని అప్పుడు పురుగు చేస్తుండెనా?"

"ఊఁ."

"దాని నెత్తిన గూడ మేస్త్రీ నిలబడి అరుస్తుండెనా?"

తల్లీకూతుళ్లు నవ్వుకున్నారు. నవ్వు ఆగాక కూడా ఈరమ్మ కన్ను తీయలేదు. మైక్రోస్కోపును పట్టుకున్న ఆమె గోళ్ల సందుల్లో పత్తి పుప్పొడి పసుపు ఇంకా వదల్లేదు.

"మరి ఇది ఆడదాని కాడికి చేరిందా?"

ఇన్ని చేతులు మారాను. నా వయసు అడిగారు, జాతి అడిగారు, పొడుగూ వెడల్పూ అడిగారు. ఈ మాట అడిగిన మొదటి మనిషి ఈరమ్మ. ముద్ద ముద్దంతా చెవులు రిక్కించాం. ఆవలి గట్టు వాసన మళ్లీ సోకినట్టే అయింది నాకు.

నాగవేణి ఇంకో గాజుపలకకు చీటీ అంటిస్తూ, తల ఎత్తకుండానే అంది:

"చేరింటే ఈడెందుకుంటదమ్మా?"