పగులుకు వేసే బండలు

నర్సప్ప దేన్నయినా రెండు వైపులా తూచి చూసే మనిషి. పెళ్లి పిలుపు వస్తే పోవడం వల్ల ఏం కలిసొస్తుంది, పోకపోతే ఏం పోతుంది అని చూసుకుంటాడు. వాన పడితే యార్డులో బండల మీద దుమ్ము కడుక్కుపోయిందని ఒక వైపు సంతోషం, లారీ బురదలో దిగబడుతుందని ఇంకో వైపు దిగులు, రెండూ ఒకేసారి మొదలవుతాయి. తాండూరులో అతనికి బండల యార్డు ఉంది, దాని పక్కనే పాలిష్ యూనిట్. ఇన్నేళ్ల వ్యాపారంలో తనకు అర్థం కాని సరుకు ఎన్నడూ కొనలేదు. అందుకే ఆ రోజు వికారాబాద్ పోయే రైల్లో కూర్చున్నంతసేపూ అతనికి మనసు ఒప్పలేదు. ఇప్పుడు కొనబోయేది కంటికి కనబడదు. వేలి కణుపుతో కొట్టి చూద్దామంటే మోగదు.

కొనక తప్పని పరిస్థితి ఏసుదాసు ఫోనుతో వచ్చింది. ఏసుదాసుది బషీరాబాద్. బెంగళూరులో ఇళ్లు కట్టే ఒక పెద్ద కంపెనీకి సరుకు కొనిపెట్టే ఉద్యోగం చేస్తున్నాడు. నర్సప్ప యార్డులో సగానికి పైగా బండలు ఆ కంపెనీకే పోతాయి. దసరా తర్వాత ఏ యార్డులో ఏ సరుకు ఉందో, ఏ లారీలో ఎన్ని బండలు బయలుదేరాయో తమ కంప్యూటర్‌లో కనబడాలని, కనబడని యార్డుతో కొనుగోలు ఉండదని అతను చెప్పాడు.

"టైల్సోళ్లు అందరు చూపిస్తున్నరు సేట్. మా పెద్దసారు ఇగ బండలే వద్దంటుండు. నేనే జర ఆపుతున్న. ఎన్ని దినాలు ఆపుత చెప్పు?" అన్నాడు. నర్సప్ప చూపిస్తానని ఒప్పుకోగానే ఎప్పటిలాగే చివర కన్నడంలో "ఆయ్తు" అని ఫోన్ పెట్టేశాడు. మాట కుదిరితే ఆయ్తు, అంటే సరే అయింది, అనడం ఏసుదాసు అలవాటు.

ఆ గిరాకీ పోతే మిగిలేదేమిటో నర్సప్ప రైల్లోనే చూసుకున్నాడు. ఒక పాలిష్ మిషన్ ఆగుతుంది. హమాలీలు కరణ్‌కోట వైపు పని వెతుక్కుంటూ పోతారు. పోయిన హమాలీలు మళ్లీ రారు. అటు పిమ్మట యార్డు పేరు బోర్డు మీద మాత్రమే ఉంటుంది.

వికారాబాద్ బస్టాండుకు దగ్గర్లో, చెప్పుల దుకాణం పైన ఒక గది. అందులో సింధుజ, గణేశ్ అని ఇద్దరు ఉంటారు, వ్యాపారస్తులకు కంప్యూటర్ ప్రోగ్రాములు రాసిపెడతారు. హైదరాబాద్‌లో కొన్నేళ్లు పని చేసి వచ్చారు. సింధుజ పూడూరు బీరన్న కూతురు. బీరన్న గొర్రెలు కాస్తాడు, నర్సప్పకు పాత పరిచయం. ఆ పరిచయంతోనే ఇక్కడికి వచ్చాడు.

"కాకా, ముందు చాయ్ తాగుతవా, మా కొట్లాట చూస్తవా?" అంది సింధుజ.

"కొట్లాట గాదు సేట్," అన్నాడు గణేశ్. "నేను చెప్పేది ఆమె ఇంటలేదు. గంతే."

ప్రోగ్రామును జావా అనే కంప్యూటర్ భాషలో రాయాలనే దాకా ఇద్దరిదీ ఒకటే మాట. ఏళ్ల తరబడి నడవాల్సిన వ్యాపారానికి అది నమ్మకమైనదని, తెలిసినవాళ్లు ఎక్కడైనా దొరుకుతారని చెప్పారు. తగువంతా దాని కింద ఏ ఫ్రేమ్‌వర్క్ వేయాలన్న దగ్గరే. ఫ్రేమ్‌వర్క్ అంటే ప్రోగ్రాము నిలబడే కట్టడం అని గణేశ్ విప్పి చెప్పాడు.

"నేను చెప్పేదాంట్ల సరుకు, బిల్లు, గేట్ పాసు, పన్ను, అన్నీ కట్టే ఉన్నయ్. నీ యార్డు పేరు పెట్టుకునుడే. దసరా కన్న ముందుగాల్నే చూపిస్త."

"నేను చెప్పే స్ప్రింగ్ బూట్ అయితే పునాది గట్టిగుంటది కాకా," అంది సింధుజ. "సరుకు వివరాలు దాచేటందుకు, లోపలికి ఎవలు రావాలెనో చూసేటందుకు కావల్సిన సామాన్లన్నీ దాంట్ల ఉన్నయ్. కానీ నీ యాపారం ఎట్ల నడుస్తదో గది మనమే రాసుకోవాలె. దీపావళి దాటుతది."

నర్సప్ప చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "అంటే ఒకటి కోసి పాలిష్ పట్టిన బండ. ఇంకోటి పచ్చి బండ."

"గంతే కాకా."

"పాలిష్‌ది జల్ది పరవచ్చు. గది మూల వంకరగుంటే మాత్రం కూసోదు. సరే, నడిమిట్ల ఆగిపోతే ఎవలు బాగుజేస్తరు? రేపు మీ ఇద్దరికి హైదరాబాద్‌ల మంచి నౌకరి దొరికిందనుకో?"

"స్ప్రింగ్ బూట్ తెలిసినోళ్లు మస్తుమంది దొరుకుతరు," అంది సింధుజ.

"నాది తెలిసినోళ్లు తక్కువనే," అని ఒప్పుకున్నాడు గణేశ్. "కానీ అది ఆగనే ఆగదు సేట్."

"లారీ అమ్మేటోడు గూడ గట్లనే అంటడు బిడ్డా."

సింధుజ నవ్వింది. కానీ దసరా అన్న మాట నర్సప్ప మెడ మీద కూర్చునే ఉంది. గణేశ్ చెప్పేది అప్పటికి అందుతుంది, సింధుజ చెప్పేది అందదు. ఆలస్యానికి గిరాకీ పోతుంది. తొందరకు ఏం పోతుందో ఇంకా తెలియదు. తెలియని నష్టాన్ని ఏ పక్కన వేయాలో తోచక అతను గడ్డం గోక్కున్నాడు.

"కాకా, ఒక్క ముచ్చట సక్కగ చెప్పు," అంది సింధుజ. "గణేశ్ చెప్పేదాంట్ల ఒక కట్టు ఉంది. బిల్లుల ఎన్ని రాస్తే గేటు దాటి గన్నే పోవాలె. ఒక్కటి ఎక్కువున్నా గేట్ పాసు రాదు. మీ దగ్గర ఎన్ని అమ్మితే గన్నే పోతయా?"

నర్సప్పకు రోషం వచ్చింది. "ఏంది బిడ్డా, నన్ను ఏమనుకుంటున్నవ్? తాండూరుల ఎవల్నన్న అడుగు. నా గేటు దాటి ఒక్క బండ తక్కువ పోదు, ఒక్క బండ ఎక్కువ పోదు."

"అయితే నాకేం లేదు. గణేశ్ చెప్పిందే చేద్దం."

గణేశ్ మాట నిలబెట్టుకున్నాడు. దసరా ముందే ఇద్దరూ కంప్యూటరు, ప్రింటరు తీసుకుని తాండూరు వచ్చి యార్డు గేటు గదిలో పెట్టారు. బిల్లులు రాసే పద్మారాణికి నేర్పించారు. ఆ మధ్యాహ్నం బెంగళూరు లారీ నింపుతున్నారు. ఏసుదాసు అక్కడ తన పెద్దసారును పక్కన కూర్చోబెట్టుకుని తెర చూస్తానని చెప్పాడు. ఈ ఒక్క లారీ కనబడితే ఏడాది పొడుగునా కొనుగోలుకు ఒప్పందం.

హమాలీలు బండలను నిలువునా పేర్చి మధ్యలో వరిగడ్డి కుక్కుతున్నారు. పద్మారాణి ఇంతకు ముందు ఎన్నడూ లారీ ఎక్కి లెక్కబెట్టలేదు. గణేశ్ నేర్పించాడు కాబట్టి ఆ రోజు ఎక్కి, వరుస వరుసా చూసి, దిగివచ్చి మొత్తం లెక్క కంప్యూటర్‌లో కొట్టింది. తెర మీద ఎర్ర గీత పడింది. ప్రింటరు కదల్లేదు. గేట్ పాసు రాకపోతే లారీ బెంగళూరు తెర మీద కనబడదు.

"బిల్లు కన్న ఎక్కువున్నయంట సార్," అంది పద్మారాణి.

"ఎక్కువ ఎట్లుంటయ్?" అని నర్సప్ప లేచాడు. "మల్ల చూడు."

అప్పుడే హమాలీల మేస్త్రి ఎల్లప్ప లారీ మీద నుంచి కేకేశాడు. "సేట్, పగులుకు ఏసిన! ఇగ తాడు కడ్తున్న!"

సింధుజ తల తిప్పింది. "పగులుకు అంటే ఏంది కాకా?"

"పగులుకు అంటే పగులుకే. దారిల కొన్ని పగుల్తయ్ గద. గందుకని మీదికెళ్లి కొన్ని ఏస్తం. గవి బిల్లుల ఉండయ్."

"మరి ఎక్కువ పోదు అన్నవ్?"

"గవి బండలు గావు బిడ్డా. గవి పగులుకు."

మాట నోటి నుంచి వచ్చాకగానీ అది ఎలా వినబడుతుందో నర్సప్పకు తెలియలేదు. అబద్ధం చెప్పలేదు తను. తాత ఎడ్లబండి మీద బండలు తోలిన కాలం నుంచీ ఆ బండలను ఎవరూ లెక్కపెట్టలేదు. అక్కడ దించేవాళ్లు పగిలినవి పక్కకు పడేసి మంచివి ఎంచుకుంటారు, తగువు లేదు. వరిగడ్డిని ఎవరు లెక్కపెడతారు? ఇవీ అంతే.

గణేశ్ కంప్యూటరు దగ్గరికి జరిగాడు. "బిల్లుల ఉన్న లెక్కనే కొట్టమందాం సేట్. పాసు వస్తది."

"మొదటి దినమే తప్పుడు లెక్కనా?" అన్నాడు నర్సప్ప.

"లేకుంటే లోపల మార్చాలె. మారుస్త గానీ, కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా మల్ల మల్ల మార్చుకోవాలె."

"పాలిష్ పట్టినదానికి మల్ల కోత పెట్టుడు," అన్నాడు నర్సప్ప. ఆ పని చేస్తే ఏమవుతుందో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

"దింపమంటవా సేట్?" అని ఎల్లప్ప పైనుంచి అరిచాడు. "దింపితే పగిలినయన్నీ నీ మీదనే పడ్తయ్. నన్ను అనొద్దు మల్ల!"

జేబులో ఫోన్ మోగింది. ఏసుదాసు. నర్సప్ప వెంటనే ఎత్తలేదు. తప్పుడు లెక్క కొడితే ఈ గంట గడుస్తుంది, గడిచాక ప్రతి లారీకీ అదే తప్పు మోయాలి. దింపితే పగిలిన ప్రతి బండకూ తగువు. నిజం చెబితే గిరాకీయే పోవచ్చు. మూడింటిలో ఏది తక్కువ నష్టమో మామూలుగా అతనికి క్షణంలో తేలిపోయేది. ఇప్పుడు తేలలేదు.   సింధుజ ఆనాడు అడిగిన ఒక్క ప్రశ్నకు తను సరిగ్గా జవాబు చెప్పి ఉంటే ఈ గంట వచ్చేది కాదు.

ఫోన్ ఎత్తాడు.

"సేట్, లారీ కనబడ్తలేదు. సారు నా పక్కనే కూసున్నడు."

"కనబడదు ఏసూ. లారీ బయలెల్తది, మీ తెర మీదికి రాదు. పగులుకు ఏసే బండలకు దీంట్ల జాగ లేదు. తప్పు లెక్క కొడితే ఇప్పుడే కనబడ్తది. కొట్టను. పగులుకు ఏసేటియి వేరే గడిల చూపిస్తా, మల్ల రాపిస్తున్న. దీపావళి దాటుతది. ఆగుతరా?"

అవతల కుర్చీ జరిగిన చప్పుడు, తలుపు చప్పుడు. బయటికి వచ్చినట్టున్నాడు. ఏసుదాసు గొంతు తగ్గింది.

"సేట్, మిగిలిన యార్డులోళ్లు బిల్లు లెక్కనే కొట్టి పంపుతున్నరు. ఇక్కడ దింపితే ఎక్కువ వస్తున్నయ్. ఎక్కువొచ్చినయి ఎవలియి, ఎట్లొచ్చినయి అని సారు నన్నే అనుమానం పడ్తుండు. నువ్వు నిజంగ వేరే గడిల చూపిస్తవా?"

"చూపిస్త."

"అడుగుత. మాటైతే ఇస్తలేను."

ఈసారి ఆయ్తు అనలేదు.

చేత్తో రాసిన పాసుతో లారీ వెళ్లిపోయింది. నర్సప్ప గేటు దగ్గరే స్టూలు మీద కూర్చున్నాడు. పద్మారాణి తెచ్చిన చాయ్ మీద మీగడ కట్టింది. పాలిష్ మిషన్ చప్పుడు వినబడినంతసేపూ, ఇది ఇంకెన్నాళ్లు వినబడుతుందో అనుకున్నాడు. పొద్దు వాలేటప్పుడు ఫోనులో సందేశం వచ్చింది. దీపావళి దాకా సగం లోడ్లు. ఆ తర్వాతా కనబడకపోతే అవి కూడా లేవు.

సగం పోయింది, సగం మిగిలింది. ఆ లెక్క మాత్రం అతనికి వెంటనే అర్థమైంది.

"పచ్చి బండనే తియ్యి బిడ్డా," అన్నాడు సింధుజతో.

గణేశ్ రెండు రోజులు అలిగాడట. తర్వాత అతనే వచ్చి గేటు పాసు భాగం రాస్తానన్నాడు. స్ప్రింగ్ బూట్ మీద పని మొదలైంది. సింధుజ ఈసారి వికారాబాద్‌లో కూర్చుని అడగలేదు. యార్డుకు వచ్చి, లారీ నిండేదాకా నిలబడి చూసింది.

"పగులుకు ఎన్ని ఏస్తరన్నా?" అని ఎల్లప్పను అడిగింది.

"డ్రైవర్ మొఖం చూసి ఏస్త."

"గట్లంటే కంప్యూటర్‌కు ఏం చెప్పాలె?"

"గది నాకేమెరుక? డ్రైవర్ మొఖం చూడమను." హమాలీలు గొల్లున నవ్వారు. సింధుజ ఆ గడిలో ఏ పరిమితీ పెట్టకుండా ఖాళీగా వదిలేసింది.

సగం లోడ్లతో ఆ రోజులు కష్టంగానే గడిచాయి. ఇద్దరు హమాలీలు నిజంగానే కరణ్‌కోట వెళ్లిపోయారు. దీపావళి దాటాక మొదటి లారీ తెర మీద కనబడింది. అయినా ఇంకొకటి కూడా చూడాలన్నాడు ఏసుదాసు. రెండో లారీకి పద్మారాణి మీట నొక్కినప్పుడు నర్సప్ప ప్రింటరు పక్కనే నిలబడ్డాడు. కాగితం బయటికి వచ్చింది. బిల్లుకు ఒక గడి, పగులుకు ఒక గడి. లారీ గేటు దాటింది.

ఫోన్ మోగింది.

"కనబడ్డది సేట్. సారు పూర్తి లోడ్లు మల్ల మొదలు పెట్టమన్నడు. ఆయ్తు."

 నర్సప్ప ఫోన్ పెట్టేయబోతుంటే అవతలి నుంచి మళ్లీ గొంతు వచ్చింది.

"ఆగు సేట్, ఆగు. సారు అడుగుతుండు. మొన్నటి లారీ కన్న దీంట్ల పగులుకు ఎక్కువున్నయంట. ఎందుకని?"

ఇన్నేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న. ఇక ప్రతి లారీకీ అడుగుతారు. నర్సప్ప రోడ్డు వైపు చూశాడు. మలుపు దగ్గర లారీ గుంతలో పడి లేచింది, బండలు ఖణేల్మన్నాయి.

"డ్రైవర్ కొత్తోడు," అన్నాడు.