ముందు ఎడమ చక్రం

బస్సు డిపోలో ఆయన్ని అందరూ మరోసారి మేస్త్రి అంటారు. ఏ బస్సు షెడ్డు దాటాలన్నా "మరోసారి చూడరా" అననిదే ఆయన చెయ్యి ఊపడు. పెళ్ళిచూపులకి కూడా మరోసారి, మరోసారి అంటూ తిరిగి చివరికి పెళ్ళే మానేశాడని కుర్రాళ్ళు వెనకాల నవ్వుకుంటారు. ఆ మాట ఆయన చెవిన పడింది, ఆయనా నవ్వాడు. అలాంటి మనిషి ఇంటి వెనక రేకుల షెడ్డులో, సొంత తమ్ముడి కారు ముందు కూర్చుని, ఒక్క చక్రం విప్పడానికి వంకలు వెతుక్కుంటున్నాడంటే డిపోలో ఎవరైనా నమ్ముతారా? నమ్మరు గాక నమ్మరు.

ఆ కారు సంగతి ముందు చెప్పాలి. రెండే సీట్లు, పైన కప్పు లేదు, ముక్కు బారెడు పొడుగు. ఒకప్పుడు పందేల్లో పరుగెత్తిన రకం. అచ్చాఫీసులో పనిచేసే తమ్ముడు దాన్ని పాత ఇనుప సామాన్ల గుట్టలో చూసి, పెళ్ళికూతుర్ని చూసొచ్చినవాడిలా మెరిసే మొహంతో ఇంటికొచ్చాడు. మేస్త్రి వెళ్ళి చూసి, "ఇది కారేంట్రా, తుప్పుకి వేసిన తొడుగు" అన్నాడు. అన్నాడే గానీ, ఆ వారమే ఇంజను విప్పి చాప మీద పరిచింది ఆయనే. సెలవు రోజు వచ్చిందంటే అన్నదమ్ములిద్దరికీ తిండీ తిప్పలూ షెడ్డులోనే. ఒకడు రేకు సాపు చేస్తే ఇంకొకడు ఉప్పుకాగితం పట్టేవాడు. తమ్ముడి భార్య గుమ్మంలో నిలబడి, "మీ ఇద్దరికీ అన్నం పెట్టాలా, గ్రీజు పెట్టాలా?" అని అరిచేది. ఆమె బడిలో ఆటల టీచరు. ఆ గొంతు మైదానం ఆ చివరిదాకా వినిపించే గొంతు, షెడ్డు ఒక లెక్కా.

కారంతా ఉన్నది ఉన్నట్టే ఉంచుదామన్నాడు తమ్ముడు. మేస్త్రి ఒప్పుకోనిది ఒక్క బ్రేకుల దగ్గరే. ముందు చక్రాలకి పాత డ్రమ్ములు తీసేసి, కొత్తరకం డిస్కులు వెయ్యాలని పట్టుబట్టాడు.

"అప్పటివాళ్ళకి పరుగెత్తించడం తెలిసినంతగా ఆపడం తెలియదురా."

"అసలు రూపం పోతుంది అన్నయ్యా."

"రూపం కోసం నా మరదల్ని గోడకి కొట్టుకోమంటావా?"

ఆ మాట అన్నది ఆయనే. తరవాత ఎన్నిసార్లు తలుచుకున్నాడో ఆ మాటని!

ఆ డిస్కులూ, వాటిని రెండు వైపులా నొక్కి పట్టే ఇనుప దవడలూ వేరే బండివి. క్యాలిపర్లంటారు ఆ దవడల్ని. అవి ఈ కారుకి కుదరాలంటే మధ్యలో ఒక పలక కావాలి. మేస్త్రి ఆ పలకల్ని తన చేత్తో కోసి, రుద్ది, ఒక్కో క్యాలిపర్‌ని పైన ఒక బోల్టు, కింద ఒక బోల్టుతో బిగించాడు. ఆయనకో పద్ధతి ఉంది, డిపోలో నేర్చుకున్నది. బిగించిన చెయ్యి గుర్తు పెట్టకూడదు. ఒకడు బిగించాలి, ఇంకొకడు పానా పెట్టి లాగి చూడాలి, కదలకపోతే అప్పుడు బోల్టు తలమీంచి పలక మీదకి ఒక రంగుగీత గియ్యాలి. ఇంట్లో ఆ రంగు లేక మరదలి గోళ్ళరంగు సీసా వాడుకున్నారు. ముదురు ఎరుపు. "నా గోళ్ళకంటే మీ బోల్టులకే సింగారం ఎక్కువైంది" అని ఆమె ఎగతాళి చేసింది. అన్న బిగించడం, తమ్ముడు గీత గియ్యడం.

ముందు ఎడమ చక్రం పని జరుగుతున్న రోజు డిపో నుంచి ఫోనొచ్చింది, వంతెన మీద బస్సు ఆగిపోయిందని. పై బోల్టు బిగించాడు. కింది బోల్టు వేలితో తిప్పి నిలబెట్టాడు, అంతే. పానా పెట్టాడా? పెట్టాననుకున్నాడు. పరుగు మీద వెళ్ళిపోయాడు. మర్నాడు తమ్ముణ్ణి అడిగాడు, "ఎరుపు పెట్టావా?" అని. "పెట్టాను" అన్నాడు వాడు. జన్మంతా మరోసారి, మరోసారి అని జపం చేసినవాడు ఆ ఒక్కసారి చూడలేదు. తమ్ముడు గీత పెట్టాడంటే ఇంక చూడాల్సిందేముంటుంది?

కారు తయారయ్యాక తమ్ముడు భార్యని ఎక్కించుకుని షికారు వెళ్ళాడు. కొండవాలు మలుపులో కారు గోడకి గుద్దుకుంది. తమ్ముడికి చర్మం గీరుకుపోవడం తప్ప ఏమీ కాలేదు. పక్కన కూర్చున్న ఆమె ఎడమ మోకాలు నుజ్జయిపోయింది. ఆపరేషన్ల మీద ఆపరేషన్లు అయ్యాయి, కాలు నిలిచింది గానీ వంగదు. బడివాళ్ళు మైదానం నుంచి తీసి సామాన్ల గదిలో వేశారు. ఇప్పుడు పిల్లలకి బంతులు ఇచ్చి పుచ్చుకుంటుంది, కుర్చీలో కూర్చుని. ఎలా జరిగిందని ఎవరడిగినా తమ్ముడిది ఒకటే మాట: "స్పీడుగా నడిపాను. తప్పు నాదే." ఆ మాట చెప్పీ చెప్పీ చివరికి ఇంకో మాట లేని మనిషైపోయాడు. ఆఫీసుకి పోవడం, రావడం, గోడవైపు తిరిగి పడుకోవడం. కారు టార్పాలిను కప్పుకుని షెడ్డులో పడి ఉంది. మేస్త్రి ఏడాది పైగా ఆ టార్పాలిను ఎత్తలేదు. ఎత్తి చూస్తే తెలిసిపోతుంది. చూడకపోతే అది అనుమానంగానే ఉండిపోతుంది. అనుమానాన్ని మింగి బతకొచ్చని ఆయన లెక్క. ఎంత పిరికి లెక్క!

ఆ టార్పాలిను తీయించింది మరదలే. ఒకరోజు కర్ర ఊతంతో షెడ్డు దాకా వచ్చి, "బావగారూ, దీన్ని బాగుచెయ్యండి" అంది. "మీ తమ్ముడు మళ్ళీ దీనిముందు కూర్చోవాలి. లేకపోతే ఆ మనిషి నాకు దక్కడు."

ఆయన మొదలుపెట్టాడు. ముందు వెనక భాగం సాపు చేశాడు, అది పాడవకపోయినా. తరవాత సీట్ల తోలు మార్పించాడు. వైర్లన్నీ కొత్తవి లాగాడు. బానెట్టుకి పుట్టీ పెట్టి అద్దంలా రుద్దాడు. కుడి చక్రం విప్పి, శుభ్రం చేసి, మళ్ళీ బిగించాడు. కొత్త పలకా, కొత్త క్యాలిపరూ డబ్బాలో పెట్టి తయారుగా ఉంచాడు. ఎడమ చక్రం ఒక్కటే నలిగిన రేకు కింద అలాగే ఉండిపోయింది. దాని పక్కనుంచి వెళ్ళాల్సివస్తే కారు చుట్టూ తిరిగి వెళ్ళేవాడు.

ఇంక చెయ్యడానికి కారులో ఏమీ మిగలని రోజు వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం, రేకులు కాగిపోతున్నాయి. మేస్త్రి జాకీ పెట్టాడు. చక్రం ఊడదీశాడు.

పై బోల్టు ఉంది, ఎర్రగీత చెక్కుచెదరలేదు. క్యాలిపర్ దాని మీద వేలాడుతోంది. కింద బోల్టు లేదు. ఖాళీ కన్నం. కన్నం పక్కన పలక మీద సగం గీత, ఎర్రగా.

బోల్టు తాను బిగించలేదు, అది తేలిపోయింది. ఎప్పటినుంచో మెడమీద వేలాడుతున్న కత్తి, పడితే పడింది. కానీ ఆ సగం గీత ఏంటి? బోల్టు వదులుగా ఉండగానే గీత పెట్టాడు తమ్ముడు. పానా పెట్టి లాగి చూసుంటే చేతికే తెలిసేది. చూడలేదు. అన్నయ్య బిగించాడంటే ఇంక చూడాల్సిందేముంటుంది అనుకున్నాడు. తను ఏం అనుకున్నాడో సరిగ్గా అదే.

మేస్త్రి ఎక్కువసేపు ఆలోచించలేదు. స్పీడు కాదురా, నా పొరపాటని చెబితే వాడికి ఊపిరొస్తుంది. ఈ గీత చూపిస్తే వచ్చిన ఊపిరి అక్కడే ఆగిపోతుంది. గుడ్డమీద థిన్నరు ఒంపి, ఆ సగం గీతని తుడిచేశాడు. ఒక్క రుద్దుకే పోయింది. తరవాత తమ్ముణ్ణి కేకేశాడు.

తమ్ముడు వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"లోపలికి రారా. నువ్వు స్పీడుగా నడపలేదు. కింది బోల్టు నేను బిగించలేదు. ఫోనొస్తే వదిలేసి పోయాను. నీకూ చెప్పలేదు. బ్రేకు ఊడిపోయింది. మీ ఆవిడ కాలు తీసింది నేను, నువ్వు కాదు."

తమ్ముడు పలకవైపు చూడలేదు. అన్న చేతిలోని గుడ్డవైపు చూశాడు. తెల్లగుడ్డ మీద ఎర్రటి మరక.

"తుడిచేశావా అన్నయ్యా?"

మేస్త్రి గుడ్డని వెనక్కి దాచాడు, దొంగతనం పట్టుబడ్డవాడిలా.

"బ్రేకు పెడలు నేలకి తగిలిపోయింది, నాకు తెలియదా?" అన్నాడు తమ్ముడు. "అప్పుడే తెలుసు. చూడకుండా రంగు పూసింది నేను. బ్రేకు అంటే నీ పేరు వస్తుంది. డిపోలో నీ ఉద్యోగం, నీ పరువు... అందుకే స్పీడు అన్నాను. నువ్వు బిగించినదానికి నేను పానా పెట్టడమేంటని... పెట్టలేదు అన్నయ్యా. పెట్టలేదు."

"ఒరే పిచ్చోడా" అన్నాడు మేస్త్రి. తమ్ముడి భుజం పట్టుకున్నాడు. వాడు ఆ చేతి మీద తల వాల్చి ఏడ్చాడు. ఏడుస్తున్నా ఇద్దరికీ ఎక్కడో కాస్త తేలికైంది. గుండెలమీది బరువు చెరో సగం పంచుకున్నట్టు అనిపించింది. ఆ కాసేపూ వాళ్ళకి ఇంకెవరూ గుర్తు రాలేదు.

కర్ర నేలమీద చప్పుడైంది. ఆమె గుమ్మంలో ఉంది. ఎప్పటినుంచి ఉందో, మొహం చూస్తేనే తెలుస్తోంది.

"అయితే స్పీడు కాదన్నమాట" అంది.

గుమ్మం దాటి లోపలికి వచ్చింది.

"ఇంకొంచెం తొక్కండి అని నవ్వుతూ అన్నది నేను, ఆ మలుపుకి ముందు. మీకు గుర్తుందా?" తమ్ముణ్ణి అడిగింది. "నాకు రోజూ గుర్తొస్తుంది. సామాన్ల గదిలో కూర్చుని, నా నోటిదూలే నా కాలు తీసింది, మిమ్మల్ని కూడా నేనే ఇలా చేశాను అనుకుంటూ కూర్చున్నాను. మీరు బావగారి పరువు కాపాడారు. బావగారు మీ మనసు కాపాడాలని చూశారు. బాగుంది. అన్నదమ్ములంటే మీరే. మరి కాలు నాది కదండీ! నాకు చెప్పాలని ఒక్కరికీ అనిపించలేదా?"

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. నిజంగానే అనిపించలేదు. పలక ముందు కూర్చున్నప్పుడు కూడా ఆయన తమ్ముడి గురించే ఆలోచించాడు. ఆమెని బాధపెట్టానని ఏడాదిగా కుమిలిపోయాడే గానీ, ఆమె ఏమనుకుంటోందని ఒక్కసారి కూడా అడగలేదు.

"తప్పయిందమ్మా" అన్నాడు.

"అది తరవాత. ముందు ఆ కొత్తది బిగించండి. నా కళ్ళముందు."

ఆయన డబ్బా తెరిచాడు. కొత్త పలక పెట్టాడు, క్యాలిపర్ పెట్టాడు. తమ్ముడు కింద చెయ్యి పట్టాడు. పై బోల్టు, కింది బోల్టు. చెమట కళ్ళలోకి దిగింది. "అయింది" అన్నాడు చివరికి.

తమ్ముడు అలవాటు చొప్పున అరమీది ఎర్రసీసా కోసం చెయ్యి చాపాడు.

"ఆగండి" అంది ఆమె. కర్ర పక్కన పడేసి, వంగని కాలు ముందుకి చాపుకుని, తంటాలు పడుతూ నేలమీద కూర్చుంది. "ఆ పానా ఇటివ్వండి."

పై బోల్టు లాగింది. కదల్లేదు. కింది బోల్టుకి తగిలించి రెండు చేతులతో లాగింది. ఒకప్పుడు తాడుపందెంలో పిల్లల్ని గెలిపించిన చేతులవి.

"ఇంకా తిరుగుతోంది బావగారూ."

మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. బోల్టు కిర్రుమంటూ తిరిగి, ఆగిన చప్పుడు విన్నాడు. ఆమె ఇంకోసారి లాగింది. ఈసారి కదల్లేదు.

తమ్ముడు సీసా మూత తీసి పట్టుకుని నిలబడ్డాడు, గియ్యాలో వద్దో తెలియక.

"రంగు వద్దు" అంది ఆమె పానా నేలమీద పెడుతూ. "రేపు వచ్చి నేనే మరోసారి చూస్తాను. ఎల్లుండి కూడా."

లేవబోయింది. అన్నదమ్ములిద్దరూ ఒకేసారి చెయ్యి అందించారు. ఆమె ఆ రెండు చేతుల్నీ చూసి, కారు తలుపు పట్టుకుని, తనే లేచింది.