వంద షేర్ల కాగితం

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చి నలభై రోజులైంది. మరునాడు పొద్దున్నే ఖైతాన్ నుంచి బస్సు. బాగ్దాద్ మీదుగా అమ్మాన్ చేరితే అక్కణ్ణుంచి బొంబాయికి విమానం. మనిషికి ఒకటే సంచి. రజియా బీ ఏది సర్దాలో, ఏది వదలాలో తేల్చుకుంటుండగా నాగేంద్రప్రసాద్ వచ్చి ఆమె భర్త లాల్ బాషా ముందు ఒక పాత కవరు పెట్టాడు.

"ఎనభై ఆరులో సిమెంటు కంపెనీ షేర్లకు అప్లికేషన్ వేసినాం గదా బాషా. వచ్చినాయి. వంద!"

లాల్ బాషా నోరు తెరిచాడు. షుఐబా రేవులో క్రేన్ నడిపే అతను, రాలేదనుకుని ఆ సంగతే మరిచిపోయాడు. సొంత పోస్టు పెట్టె లేని కూలీలందరిలాగే అతనూ గుమాస్తా నాగేంద్రప్రసాద్ ఆఫీసు పెట్టె నంబరే ఇచ్చాడు.

"వచ్చి ఎన్నాళ్లయింది?" అంది రజియా.

"మూడేండ్లు వదినా. ఫైల్లో పడి మరిచిపోయినా. నిన్న ఆఫీసు కాగితాలు సర్దుతాంటే కనపడింది."

మూడేళ్లు మరిచిన మనిషికి రేపు బస్సనగా గుర్తొచ్చింది! బ్యాంకు మూతబడింది, జీతం ఆగిపోయింది. పదకొండేళ్ల కష్టంలో మిగిలింది ఈ కాగితమొక్కటే. రజియా దాన్ని సంచిలో పెట్టబోయింది.

"నా దగ్గరుండనీ వదినా. ఊరు చేరినాక అమ్మి దుడ్లు పంపిస్తా."

"పేరు మాది. నీ దగ్గరెందుకన్నా?"

"ఇచ్చేయ్‌లే," అన్నాడు లాల్ బాషా.

"నువ్వుండు. అడిగితే కట్టుకున్న లుంగీ గూడా ఇచ్చేస్తావు."

నాగేంద్రప్రసాద్ మెడ తుడుచుకున్నాడు. "ఆ పొద్దు ఆఖరి తేదీ. బాషా డబల్ డ్యూటీలో ఉన్నాడు. బాషా పేరుతో సంతకం నేనే పెట్టినా. కంపెనీలో ఉండేది నా చేతి సంతకం. అమ్మాలంటే బదిలీ ఫారం మీద అదే పడాల. బాషా పెడితే కలవదు."

"అంటే ఇన్నేండ్లూ ఎప్పుడనుకుంటే అప్పుడు అమ్ముకోగలవన్నమాట."

"అమ్మింటే ఇక్కడికి తెస్తానా వదినా?"

ఆ మాట నిజమే. కానీ ఇవాళ చూపించి పట్టుకుపోయి, దారిలో మిలిట్రీవాళ్లు లాక్కున్నారంటే అడిగేదెవరు?

"ఫారం ఉందా?"

ఉంది. అతను కలం తీసి నేరుగా సంతకం చోటికి పోయాడు.

"ఆగన్నా. షేర్లు పుచ్చుకునేవాళ్ల పేరుండే చోట ముందు నా పేరు రాయి."

"పేర్లు ఊర్లో రాసుకుందాంలే."

"ఇప్పుడే."

అతను రాశాడు, తర్వాత సంతకం చేశాడు. రజియా ఫారం చేతికి తీసుకుంది. నాలుగేళ్ల కింద పెట్టిన సంతకం ఇలాగే ఉందని ఎలా తెలిసేది? అది బొంబాయిలో కంపెనీ ఆఫీసులో ఉంది. కావాలని ఒక వంకర తక్కువ పెట్టినా ఇక్కడ కనిపెట్టే దారి లేదు.

"నీ బస్సెప్పుడన్నా?"

"శుక్రవారం."

"రేపే మాతో రా. కంపెనీ ఆఫీసుకు ముగ్గురం పోదాం. వాళ్లు సరే అన్నాక నీ దారి నీది."

"నామీద నమ్మకం లేదా వదినా?"

"ఉంది. అందుకే పక్కన కూర్చోబెట్టుకుంటాండా."

ఆమె చేతి గడియారం విప్పి లాల్ బాషాకిచ్చింది. "యల్లా, పో. డ్రైవర్‌కు ఇది ఇచ్చి మూడో సీటు అడుగు."