మూడు దినాల పాలు

"ఆవు ఈనే దినాలు మ్మే. దాన్ని ఇడిసిపెట్టి నేను యాడికీ రాలేను. రామక్కను తోడు తీసుకోని నువ్వే పో" అంది శ్యామలమ్మ, కోడలికి నొప్పులు మొదలయ్యాయని తెలిసిన వెంటనే. ఆ మాట అంటున్నప్పుడు ఆమె చెయ్యి ఆవు నడుం మీద ఉంది. కోడలి నడుం మీద వేయడానికి రెండో చెయ్యి ఖాళీగానే ఉంది గాని, ఆ ఆలోచన ఆమెకు తట్టినట్టు లేదు.

అమరావతికి తెల్లవారకముందు నుంచే నొప్పి వచ్చి పోతోంది. అది వచ్చినప్పుడు గోడ పట్టుకొని నిలబడింది, పోయినప్పుడు మళ్లీ పనిలోకి వంగింది. కొట్టం ఊడ్చింది, పేడ ఎత్తింది, చొప్ప నరికి వేసింది, పాలిచ్చే రెండావుల్నీ పిండి క్యానులో పోసింది. ఆ క్యాను సైకిలుకు తగిలించుకొని పాలకేంద్రానికి పోయేది మామ మునస్వామి. పాలకేంద్రం పుస్తకంలో ఉన్నది ఆయన పేరే. శాంతిపురం దాకా ఎవరినడిగినా మునస్వామి ఆవులు మంచి పాడి ఆవులనే చెబుతారు. పిండే చేతులు ఎవరివని అడిగినవాళ్లు ఈ మూడేళ్లలో ఒక్కరూ లేరు. అడగడానికి ఏముంది, కోడలన్నాక ఆ మాత్రం చెయ్యదా.

ఆ చేతులకు ఒక నిషేధం కూడా ఉంది. ఈనిన ఆవును అమరావతి మొదటి పది రోజులూ ముట్టకూడదు. "బిడ్డను పోగొట్టుకున్న చెయ్యి. పచ్చి ఈత ఆవును తాకితే పొదుగు ఎండిపోతుంది" అని శ్యామలమ్మ రెండేళ్ల కిందట, తొంభై ఎనిమిదిలో ఇంటి చట్టం చేసింది. పేడ ఎత్తడానికి మాత్రం ఆ చెయ్యి పనికొస్తుంది. పేడకు అరిష్టం ఉండదు కాబోలు.

భర్త రమణ బెంగళూరులో గ్రానైటు పని. శనివారం రైల్లో కుప్పంలో దిగి, ఆదివారం రాత్రికి మళ్లీ ఎక్కేస్తాడు. చెడ్డవాడు కాడు, చెయ్యి చేసుకున్నవాడు కాడు. మళ్లీ నెల తప్పిందని చెప్పినప్పుడు నవ్వి, ఆమె తల మీద చెయ్యి పెట్టి, "ఈసారన్నా నిలబెట్టుకో" అన్నాడు. ఎంతో ప్రేమగా అన్నాడు. ఆ మాట ఆమె గుండెలో ముల్లులా దిగింది. నిలబెట్టుకోలేదని, చేతిలోంచి జారవిడిచిందని అతను కూడా నమ్ముతున్నాడన్నమాట. ఆ రోజు నుంచి ఆమె తిన్న ప్రతి ముద్దకూ, ఎత్తిన ప్రతి గంపకూ ఒకటే భయం. ఈ బిడ్డ కూడా పోతే నేనేమని చెప్పుకోవాలి?

మొదటిది ఆడబిడ్డ. అమరావతికి తల్లి లేదు గనుక తొలికాన్పుకు పుంగనూరులోని పుట్టింటికి తీసుకుపోయే దిక్కు లేక, అత్తగారింట్లోనే పురుడు జరిగింది. మంత్రసాని కుప్పమ్మ వచ్చింది. నొప్పులకు అరవబోతే శ్యామలమ్మ నోట్లో చెంగు కుక్కి, "వాకిట్లో మగోళ్లు ఉండారు" అంది. వాకిట్లో ఉన్నది మునస్వామి ఒక్కడు. ఆయన బీడీ తాగుతున్నాడు. బిడ్డ తెల్లగా, నిండుగా పుట్టింది. ఆరో రోజు పోయింది. దానికి పేరు లేదు. పేరు పెట్టనిదాన్ని తలుచుకొని ఏడవడం కూడా కష్టమని అమరావతికి అప్పుడు తెలిసింది. ఏమని పిలిచి ఏడవాలి?

ఇప్పుడు కుప్పమ్మకు చూపు ఆనడం లేదు. అందుకని కుప్పం పోయే దారిలో ఉన్న కాన్పుల కేంద్రానికి పొమ్మన్నారు. మదనపల్లెలో ఇరవై ఏళ్లు నర్సుగా చేసిన పద్మావతమ్మ అక్కడ రెండు మంచాలు, ఒక పంపు, ఒక ఆయమ్మతో దాన్ని నడుపుతోంది. అందరూ ఆమెను సిస్టరనే పిలుస్తారు. పక్కింటి రామక్క చీరల మూట పట్టుకొని ఆటో ఎక్కింది. ఆటో కదిలేటప్పుడు అమరావతి వెనక్కి తిరిగి చూసింది. శ్యామలమ్మ ఆవు తోక ఎత్తి చూస్తోంది.

సిస్టర్ ఆమెను పడుకోబెట్టలేదు. "నడువమ్మా. నొప్పొచ్చినప్పుడు కిటికీ కమ్మీ పట్టుకో. కూసోవాలనిపిస్తే కూసో, వంగాలనిపిస్తే వంగు" అంది. తన ఒంటితో తన ఇష్టప్రకారం ఏదైనా చెయ్యొచ్చని ఎవరైనా చెప్పడం అమరావతికి అదే మొదటిసారి. మధ్యాహ్నానికి నొప్పులు ముదిరాయి. నడుం రెండుగా విరుగుతున్నట్టుంటే పళ్లు బిగించి, చెంగు కోసం తడుముకొని నోట్లో పెట్టుకోబోయింది. సిస్టర్ ఆ గుడ్డను మెల్లగా లాగేసింది.

"అరువమ్మా. కనేది నువ్వు. ఇంగెవురికోసం ఓర్సుకుంటావు?"

అమరావతికి అరవడం రాలేదు. మూడు నొప్పులు అలాగే పోయాయి. నాలుగోదానికి లోపలి నుంచి ఒక కేక వచ్చింది. అది ఈ బిడ్డ కోసం వచ్చిన కేక కాదని, రెండేళ్ల కిందట మింగినదని ఆమెకు అనిపించింది. ఆ తర్వాత ఆగలేదు. రోడ్డు మీద పోయేవాళ్లకు వినిపించేటట్టు అరిచింది. గొంతుక్కూచొని, రామక్క మెడ వాటేసుకొని, ముక్కి ముక్కి, ఎండ వాలేవేళకు కన్నది. కత్తీ కోతా లేకుండా, సూదీ మందూ లేకుండా, తన బలంతోనే కన్నది.

"ఆడబిడ్డ" అంది సిస్టర్. రామక్క ఒక నిట్టూర్పు విడిచింది.

తుడిచీ తుడవకముందే సిస్టర్ బిడ్డను తెచ్చి అమరావతి రొమ్ము మీద పడుకోబెట్టింది. వెచ్చగా, జిగటగా, గుప్పెడంత. అదే నుదురు, అదే ముక్కు. పోయిందే మళ్లీ వచ్చిందేమోననిపించింది. బిడ్డ తల తిప్పి వెతుకుతోంది. నోరు తెరిచి, మూసి, తెరిచి వెతుకుతోంది. అమరావతి కొంగు అడ్డం లాక్కుంది.

"ఇప్పుడే వద్దు సిస్టర్. మూడు దినాలు కాలేదే."

"మూడు దినాలేందమ్మా?"

"ఆ పసుప్పచ్చ పాలు మంచివి కావంట గదా. మూడు దినాలు పిండి పారబోసినాక తెల్లపాలు పడతాయి. అప్పుడు తాపాల."

"అంతవరకూ బిడ్డకేం పెడతారు?"

"సక్కెర నీళ్లు. గుడ్డ ఒత్తి చేసి, అద్ది నోట్లో పెడతారు."

సిస్టర్ తుండుగుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఆగిపోయింది. "మొదటి బిడ్డకు అట్లే చేసినారా?"

"అట్లే చేసినాం."

"ఏమైంది?"

"నాలుగో దినం నుంచి కడుపు కట్టకుండా బేదులు పట్టుకున్యాయి. ఆరో దినం సచ్చిపోయింది."

సిస్టర్ కొంగు పక్కకు తీసి, బిడ్డ నోటిని సరిగ్గా పెట్టింది. బిడ్డ పట్టుకుంది. ఎవరూ నేర్పకుండానే, ఇంతకాలం ఇదే పనిలో ఉన్నదానిలా గుక్క వెంట గుక్క తాగింది. అమరావతి దాన్ని చూస్తూ అడిగింది.

"దానివల్లనేనా సిస్టర్?"

"నేను చూడలేదమ్మా. చూడనిదాని గురించి గట్టిగా చెప్పలేను" అని సిస్టర్ కిటికీ వైపు తిరిగింది. "ఈ పాలు తాగి, ఆ నీళ్లు తాగకపోయింటే, బతికేదానికి దావ ఉండేది."

అమరావతికి ఆ పెరడు కళ్లముందుకు వచ్చింది. ఎవరూ తొక్కని చోట పొయ్యాలని అత్త చెబితే, పెరటి గోడ మూల కూచొని కొబ్బరిచిప్పలోకి పిండింది. తనే పిండింది. ఆవును పిండే నేర్పుతో, బొటనవేలు మడిచి, చుక్క మిగలకుండా పిండింది. చిక్కగా, పసుపు ముద్దలా వచ్చాయి. పోసేటప్పుడు లోపల బిడ్డ ఏడుస్తోంది. దాని ఏడుపు వింటుంటే పాలు ఇంకా జివ్వున దిగేవి, ఇంకా పిండి ఇంకా పోసేది. ఒళ్లు చెబుతూనే ఉంది, రొమ్ము చెబుతూనే ఉంది, బిడ్డ గొంతు చించుకొని చెబుతూనే ఉంది. వీళ్లందరినీ కాదని ఆమె ఒక మాట విన్నది. నాలుగో రోజుకు బిడ్డకు చప్పరించే ఓపిక లేకపోతే, "నీ పాలు పడేది ఆలస్యమైపాయ, ఏం ఆడదానివో" అన్నారు. అదీ విన్నది. విని, నిజమేననుకొని, రెండేళ్లు తలవంచుకొని పేడ ఎత్తింది. పాలు లేకపోవడమేంటి? గోడ మూల నేల తాగింది కదా, మూడు రోజులు, కడుపు నిండా.

ఈ బిడ్డ బతుకుతుంది. అంటే ఆ బిడ్డా బతికేది. ఈ ఒక్క ఆలోచన వచ్చాక, ఒళ్లోని బిడ్డ గుటక వేసినప్పుడల్లా ఆమెకు సంతోషం రాలేదు. ప్రతి గుటకా ఇంకొకరి నోటి దగ్గర నుంచి లాక్కున్నదిలా వినిపించింది. వెక్కి వెక్కి ఏడ్చింది. రామక్క దగ్గరికి వచ్చి, "ఆడబిడ్డని ఏడిస్తే ఎట్ల మ్మే, వచ్చేసారి మగోడు పుడతాడులే" అని ఓదార్చింది. లోకంలో ఆడదాని ఏడుపుకు రామక్కకు తెలిసిన కారణాలు అన్నీ కలిపి రెండో మూడో. ఇది వాటిలో లేదు.

రెండు రోజులు అమరావతి మంచం మీద పడుకొని, బిడ్డకు పాలిస్తూ, అత్తతో అనాల్సిన మాటలు కూర్చుకుంది. ఎంతో శ్రద్ధగా కూర్చుకుంది. నా బిడ్డను నువ్వే చంపినావు. చంపి, ఆ పాపం నా చేతికి పూసినావు. నీ కొడుకుతో కూడా నన్ను అనిపించినావు. ఈ మూడు మాటలూ మొహం మీద అనేసి, తర్వాత ఏమైనా కానీ అనుకుంది. ఆ మొహం వాడిపోవడం చూడాలి. అంతకుమించి జీవితంలో ఆమెకు ఇప్పుడేమీ అక్కరలేదు.

మూడో రోజు శ్యామలమ్మ వచ్చింది. సంచిలో చక్కెర పొట్లం, ఉతికి మడిచిన మెత్తటి గుడ్డ, టిఫిను డబ్బా నిండా జున్ను. చెప్పులు విడుస్తూనే ఆవు కబుర్లు ఎత్తుకుంది. పెయ్యదూడంట, చుక్క బొట్టంట. అత్త మంచి హుషారులో ఉంది.

"నువ్వు ఆటో ఎక్కిన పూట మీదనే ఈనేసింది. మీ మామ సైకిలు ఏసుకోని పాలకేంద్రం కాడ మాటల్లో ఉండాడు. ఒక్కదాన్నే సూసుకున్యా. మాయ పడకముందే దూడను ఎత్తి పొదుగు కాడ పెట్టినా. ముర్రుపాలు తాపకుంటే దూడ నిలబడుతుందా? సాయంత్రానికే గంతులేసింది."

అని, మంచం దగ్గరికి వచ్చి, బిడ్డ పాలు తాగుతుండడం చూసి నిలబడిపోయింది.

"అప్పుడే ఇస్తాండావా? ఈ పొద్దు దాటాల గదా."

"పుట్టినప్పట్నుంచీ తాగుతానే ఉండాది."

శ్యామలమ్మ వంగి బిడ్డ కడుపు నిమిరింది. మెత్తగా ఉంది. పాదం నొక్కితే బిడ్డ గట్టిగా తన్నింది. ఆమె చెయ్యి అక్కడే ఉండిపోయింది. "అరిగిందా?" అని అడిగింది. అమరావతి తల ఊపింది. శ్యామలమ్మ బిడ్డను చూసింది, జున్ను డబ్బాను చూసింది. తను ఇప్పుడే అన్న మాట తనకే మళ్లీ వినిపించినట్టు ఆమె మొహం మారిపోయింది.

"మనింట్లో మొదటి బిడ్డ..." అంది.

అమరావతి కూర్చిపెట్టుకున్న మూడు మాటలూ సిద్ధంగా ఉన్నాయి. చూడాలనుకున్న మొహం ఎదురుగా వాడిపోయి ఉంది. తీరా నోరు తెరిస్తే, కొబ్బరిచిప్ప పట్టుకున్న తన చేతులే గుర్తొచ్చాయి.

"మనమే సంపినామత్తా" అంది.

శ్యామలమ్మ మంచం కోడు పట్టుకొని నేల మీద కూలబడింది. ఏడవలేదు. చాలాసేపు చక్కెర పొట్లం దారం విప్పుతూ, చుడుతూ కూచుంది. తర్వాత నేలకేసి చూస్తూ, ఎవరో వేరే మనిషి గొంతుతో చెప్పింది.

"రమణకు ముందర నాకు ముగ్గురు. ఎవురికీ చెప్పలా. మీ మామ కూడా ఎత్తడు ఆ మాట. నాలుగో దినం ఒకటి, ఎనిమిదో దినం ఒకటి. మూడోది ఎన్నో దినమో కూడా గుర్తు లేదు. రమణ పుట్టినప్పుడు మా అత్త ఊళ్లో ల్యా. జాతరకని పుంగనూరు పోయుండె. ఒక్కదాన్నే ఉండా. సక్కెర యాడ పెట్టిందో నాకు తెలీదు. వాడు ఏడ్చి ఏడ్చి నీలంగా అయిపోతాంటే, భయపడి రొమ్ము పెట్టేసినా. మా అత్త వచ్చి కొట్టింది. అయినా వాడు బతికినాడు. ఆమె జాతరలో మొక్కుకునింది గాబట్టి అమ్మ దయ తలిచిందనుకున్యా. ముప్పై ఏండ్లు అట్లే అనుకున్యా."

బిడ్డ తాగడం ఆపి ఒకసారి ఊపిరి పీల్చుకుంది. శ్యామలమ్మ తలెత్తి కోడలి మొహంలోకి చూసింది. ఆ చూపులో అత్తరికం లేదు. ఇరవై ఏళ్లు కూడా నిండని బాలింత ఎవరో అందులోంచి చూస్తోంది.

"అంతమాత్రానికేనా మ్మే? ముగ్గురూ అంతమాత్రానికేనా?"

కాదనడానికి ఒక్క మాట చాలు. ఆ మాట కోసమే ఆమె చూస్తోందని అమరావతికి తెలుసు. కాదంటే ఆమె కళ్లు తుడుచుకొని లేచి, మిగిలిన రోజులు నిమ్మళంగా బతుకుతుంది. రేపు ఇంకెవరి ఇంట్లోనో పురిటి మంచం పక్కన నిలబడి, ఆ పిల్లను కూడా మూడు దినాలు ఆగమంటుంది. అమరావతి జరిగి, మంచం మీద అత్తకు చోటిచ్చింది. ఆమె వచ్చి కూచున్నాక, ఆ ముసలి చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"అవునత్తా" అంది. "అంతమాత్రానికే."