రాజుగారి రేకుకిరీటము

మార్గశీర్షమాసమున మునిమాపువేళ పెన్నానదీసైకతములపై మంచుతెరలు మెల్లమెల్లన వ్రాలుచుండ జమ్మలమడుగు పొలిమేరయందలి తడికెల నాటకశాలలో పెట్రోమాక్సు దీపములు వెలిగెను. మూడు తరములుగా ఊరూర డేరా వేసికొని పాలు త్రాగు బిడ్డ మొదలు పండుముసలి వఱకు ఇంటిల్లిపాదియు వేషములు కట్టి రాగములతోనే సంసారము నీడ్చుకొని వచ్చుచున్న శారదామనోహరీ నాటకసమాజమువారి శాల యది.

తెరవెనుక ఆ యింటి క్రొత్తకోడలు వకుళ రాణివేషము ధరించి నిలిచియుండెను. అలకఘట్టమున రాణి తన పాదములపై వ్రాలిన రాజు కిరీటమును ఎడమకాలితో తన్నవలెను. ఆ రాజవేషము కట్టునది ఆమె అత్తగారైన పాపాయమ్మ. కోకిలకంఠియైన వకుళ నిన్నటి యాటలో పూజ్యురాలి శిరస్సునకు కాలు తాకింపజాలక గాలిని తన్నగా జనము గొల్లుమనెను. ఈపూటయు నట్లే యైనచో ఇంటి స్త్రీలకే చెల్లుచు వచ్చిన రాణివేషమును పరాయినటికి ఒప్పగింతునని హార్మోనియము వాయించు మామగారు తీర్పు చెప్పియుండెను.

"ఏమమ్మీ, ఆ గాలి నీకేం పాపం జేసిందని నిన్న అట్లా తంతివి?" అని పాపాయమ్మ మీసము నంటించుకొనుచు నడిగెను.

"పొద్దున కాళ్లకు మొక్కేదాన్ని, సాయంత్రం నెత్తిన ఎట్లా తన్నేది అత్తా?"

"మీసం పెట్టినాక అత్తెవరే? నీ మొగుణ్ణి. తన్ను."

తెర లేచెను. వకుళ అలుకపద్యమును కంట తడి పెట్టించునట్లు పాడెను. రాజు వచ్చి పాదములపై వ్రాలెను. రాణి పాదము లేచి నడుమ నిలిచిపోయెను. మామగారి వ్రేళ్లు హార్మోనియపు మెట్లపై బిగుసుకొనెను. అంతట తలవంచియున్న రాజు ఆమెకు మాత్రమే వినవచ్చునట్లు "మీ యమ్మ నీకు పప్పు చేసేది గూడా నేర్పలేదు గదే!" అని గొణిగెను.

కిరీట మెగిరి హార్మోనియముపై ఖంగున పడెను.

"వన్స్ మోర్!" అని శాల దద్దరిల్లెను. ఆ సమాజమున ప్రేక్షకుల కోరికను కాదనుట లేదు. పాపాయమ్మ కిరీటమును మరల ధరించి ముసిముసి నవ్వులతో తల వంచెను.

ఆట ముగిసినపిదప వకుళ యేడ్చుచు అత్తగారి పాదములపై బడెను. పాపాయమ్మ యామెను లేవనెత్తి కిరీటపు టెడమప్రక్కన నేటి క్రొత్తసొట్ట చెంతనున్న పాతసొట్టను చూపెను.

"ఇది మా యత్తను నేను తన్నింది. నా కాలు లేయకుంటే మా నాయన తాగుబోతని గొణిగె ఆయమ్మ. ఆయన చుక్క ముట్టి ఎరుగడు." అని కొంగుతో కోడలి కన్నీరు తుడిచి, "నీ పప్పు బాగనే ఉంటాదిలే" అనెను.

ఏటేట ఆ కిరీటమునకు క్రొత్త బంగరుకాగితము నతికింతురు. సొట్టలను మాత్రము ఎవరును సరిచేయింపరు. నాటి దీపకాంతి యా రెండు గుంటలయందును ప్రక్కప్రక్కనే నిండి మెఱయుచుండెను.