ఇంటికి మళ్లే ఫోర్కు

ఒత్తొరీనో రోజూ ఏడింటికి కొట్టు తెరిచి, ముందు కాఫీ పెట్టుకుని, ఆ తర్వాతే పనిముట్ల జోలికి పోయేవాడు. నలభై ఏళ్లుగా మనిషి కొలతలు తీసుకుని సైకిలు తయారుచేసే పని అతనిది. ముందు చక్రాన్ని రెండు కాళ్ల మధ్య పట్టుకునే ఉక్కు ఫోర్కు అతను చేసిందైతే, దానికి ఒక అలవాటుంది. పొద్దు వాలగానే ఆ చక్రాన్ని సొంతదారు ఇంటివైపు తిప్పుతుంది, మేతకెళ్లిన గేదె కొట్టానికి మళ్లినట్టు. గ్రాప్పా కొండ కింద ఊళ్లన్నిటికీ ఈ సంగతి తెలుసు. తాగుబోతుల పెళ్లాలు ఏరికోరి అవే వేయించేవాళ్లు. కార్బన్ ఫోర్కు మాత్రం ఎక్కడో తయారై పెట్టెలో వస్తుంది. తేలిగ్గా ఉంటుంది, ఎటు తిప్పితే అటు పోతుంది.

మార్చిలో నీవెస్ తన మొగుడు ఎర్మెస్‌ను వెంటబెట్టుకొచ్చింది. ముప్పై ఏళ్లు ఇంటింటికీ ఉత్తరాలు పంచిన పోస్టుమన్ ఎర్మెస్. ఇప్పుడు మతిమరుపు జబ్బు పట్టుకుంది. సైకిలెక్కి పోతే రెండుసార్లు పోలీసులే తెచ్చి అప్పజెప్పారు.

"కార్బన్‌ది వెయ్యరా," అన్నాడు ఎర్మెస్. "చేతులు లాగేస్తున్నాయి. అరకిలో బరువు తగ్గినా తగ్గినట్టే. కొండెక్కాలి నేను."

"ముందు నీ పొట్ట తగ్గించు. పది కిలోలు కలిసొస్తాయి," అన్నాడు ఒత్తొరీనో.

"ఉక్కుదే వెయ్యండి," అంది నీవెస్. "సైకిలు మానమంటే తిండి మానేస్తున్నాడు. పగలంతా ఎటన్నా పోనీ, సాయంత్రానికి నా గుమ్మం ముందుంటే చాలు."

ఆమె మాటే నెగ్గింది. ఎర్మెస్ సణిగి ఊరుకున్నాడు.

ఫోర్కు కాళ్లను చెక్క అచ్చు మీద వంచేటప్పుడు వాటి కొసలు సొంతదారే పట్టుకోవాలి. ఇల్లెక్కడో ఇనుము ఆ చేతుల్లోంచే తెలుసుకుంటుంది. ఎర్మెస్ పట్టుకున్నాడు. పట్టుకున్నంతసేపూ కుందేళ్ల బోను గురించి, నూతి గిలక గురించి ఉత్సాహంగా చెబుతూనే ఉన్నాడు. ఒత్తొరీనో పని ధ్యాసలో ఊకొట్టాడే గానీ చెవిన పెట్టలేదు. ఎర్మెస్ దంపతులుండేది మూడో అంతస్తులో. వాళ్లకు కుందేళ్లూ లేవు, నుయ్యీ లేదు.

మొదటి సాయంత్రం ఎర్మెస్ ఇంటికి రాలేదు. సూపర్ మార్కెట్ వాళ్లు ఫోన్ చేశారు. కార్లు ఆపేచోట, తోపుడు బుట్టల వరస పక్కన నిశ్చింతగా కూర్చున్నాడట. అతను పుట్టిన ఇల్లు ఒకప్పుడు అక్కడే ఉండేది. కూలగొట్టి ముప్పై ఏళ్లు దాటింది. రెండో రోజూ అక్కడికే పోయాడు, మూడో రోజూ అంతే.

ఒత్తొరీనో తలవంచుకుని నీవెస్ దగ్గరికెళ్లాడు.

"తప్పు నాదేనమ్మా. చెవులుండీ వినలేదు. మళ్లీ వంచుదామన్నా ఆ చేతుల్లో ఇంకో ఇల్లు మిగల్లేదు. పెట్టెలో కార్బన్‌ది ఉంది, రేపే మార్చేస్తాను."

"అది ఎక్కడికి తీసుకొస్తుంది?"

"ఎక్కడికీ తీసుకురాదు."

నీవెస్ దుఃఖం దాచుకునే మనిషి కాదు. బల్ల మీద తల పెట్టి బావురుమంది. "నలభై మూడేళ్లు కాపురం చేశానండీ. ఒక్క గోడైనా గుర్తులేదా ఆయనకి?"



చివరికి ఆమే కళ్లు తుడుచుకుంది. "ఉక్కుదే ఉండనివ్వండి. ఎక్కడ దొరుకుతాడో అన్నా తెలుస్తుంది."

నాలుగో రోజు నీవెస్ ఐదున్నర బస్సెక్కి, ముందే వెళ్లి తోపుడు బుట్టల దగ్గర నిలబడింది. ఆరు దాటాక ఎర్మెస్ వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. సైకిలు దిగి, ఆమెను చూసి, మర్యాదగా టోపీ తీశాడు.

"మా అమ్మ కోసం వచ్చారా అండీ? లోపలుంది. కూర్చోండి, పిలుస్తాను."

నీవెస్ కూర్చుంది.